మూడోవంతు ఖాళీ

మూట కిందపడి పగలకుండా ఉండాలంటే
నిండా పొయ్యగూడదు.
ఈ సంగతి మా మౌలాలన్నకు చెప్పింది
ఆదోని మార్కెట్టులో హమాలీ కోసిగయ్య.
గోతంలో మూడోవంతు ఖాళీ ఇడిచి మూతి కుట్టి
ఆ గోతాన్ని ఇంకో గోతంలో దించి మళ్లా కుట్టాల.
"ఉప్పయినా బియ్యమయినా, పడినప్పుడు కదలడానికి
దానికీ ఇంత జాగా కావాలప్పా" అన్న్యాడంట.

అన్న రాసిన జాబులో ఇదంతా ఉండె.
వాళ్ల విమానంలో సీట్లు లేవంట, తలుపూ లేదంట.
నడుముకు తాడు కట్టుకొని వాకిట్లో కూచొని
గంట మోగితే రెండు కాళ్లతో మూటల్ని తన్నాల.
కింద కొండ అంచున మన సిపాయిలు,
దోవ తెగిపోయి, మంచు కరగబెట్టుకొని తాగుతా.
మొదట్లో సగం మూటలు రాళ్ల మీద పగిలినాయంట.
అప్పుడు గుర్తొచ్చినాడు కోసిగయ్య.
నాయనను దబ్బనం పంపమని అడిగినాడు,
మనదే, పిడి అరిగినది.

ఇంకోటి కూడా రాసినాడు:
"మబ్బులు మన అంగట్లో దూది మాదిరి ఉంటాయనుకుంటి నాయనా.
కాదు. లోపలికి పోతే రెక్క కూడా కనపడదు.
ఏకని దూదిలో గింజ మాదిరి ఉంటాం మేము."
నాయన రెండుసార్లు చదివించుకొని నవ్వినాడు.
దూదేకులోని కొడుకు గదా, అన్న్యాడు.

తంతి వచ్చిన పొద్దు
విల్లు మోగుతానే ఉండె.
రైల్వే గేటు కాడి పెండ్లివారి పరుపు, మర్నాటికి ఇయ్యాల.
పోస్టుమ్యాను చదివినాడు. నాయన విన్న్యాడు.
గాలిలో లేచిన దూది కిందికి దిగేదాకా నిలబడి
మళ్లా విల్లు అందుకున్న్యాడు.
ఆఖరి టాకా వేసినంక గానీ
గోడకు తల ఆనించలేదు.

శవం రాలేదు. ట్రంకుపెట్టె వచ్చింది.
రెండు చొక్కాలు, సబ్బుపెట్టె, తస్బీ, మా జాబులు.
దబ్బనం లేదు.
గోరీ లేనోనికి ఫాతేహా యాడ చదవాలని అమ్మ అడిగితే
ఖాజీ శానాసేపు చెప్పులు చూసుకుంటా ఉండిపాయె.

ఆఫీసరు కాగితం ఇంగ్లీషులో ఉండె.
హైస్కూలు డ్రిల్లుసారు శ్యామ్యూలు తెలుగులో చెప్పినాడు:
మొదటి చుట్టులో ఏడు మూటలు సరిగ్గా పడినాయి.
రెండో చుట్టుకు మబ్బులో మలుపు తిరుగుతా...
ఆ తర్వాతి మాటలు ఏ ఇంటికి రాసినా అవే ఉంటాయి.
నేను ఏడు దగ్గరే ఆగిపోయినా.
వాటిలో ఏముండె? ఉప్పా? బూట్లా? కందిపప్పా?
ఆ రాత్రి ఎవరన్నా బువ్వ వండుకున్న్యారా?
మూడు కార్డులు రాస్తి. జవాబు రాలేదు.
అడగగూడని సంగతేమో, లేక
లెక్క పెట్టేంత చిన్నది కాదేమో వాళ్ల యుద్ధం.

ఇప్పుడు మిషన్లు వచ్చినాయి. విల్లు అటక మీదుంది.
నేను దిండు కుడితే నిండా కూరను.
"ఏందన్నా, దూది మిగిలించుకుంటాండావా?"
అని కొత్త బేరగాళ్లు గొడవకొస్తారు.
ఏం చెప్పేది?
తల పడినప్పుడు కదలడానికి
దానికీ ఇంత జాగా కావాలని చెబితే నవ్వుతారు.
మా ఇంట్లో ఒకని జాగా అట్లనే ఇడిచిపెట్టినాం.
ఎవరం సర్దుకొని కూచోలేదు.

శెనక్కాయల కాలంలో
మార్కెట్టు గేటుకు ఎదురుగా నా అంగడి.
లారీ మీదనుంచి మూటలు దొర్లిస్తాంటారు కోసిగయ్య మనమలు.
దబ్. దబ్.
చేతిలో సూది నిలబడిపోతాది.
ఐదు. ఆరు. ఏడు.
ఎనిమిదోది పడేలోపల
టీ తాగొస్తానని లేచి పోతా.