తెలుపు మీద తెలుపు

ఆదోనిలో మా ప్రార్థన మందిరం
పంపుసెట్ల షాపు మీద అద్దె మేడ.
బోర్డు మీద కడవరి దినాల పరిశుద్ధులమని రాసుంటుంది.
ఊరు మాత్రం తెల్లచొక్కాలోళ్ళ చర్చి అంటుంది.
ఇరవై రెండు మెట్లు. తలుపు దగ్గర నేను.
చెయ్యి కలిపి, నవ్వి, కుర్చీ చూపించడం నా వంతు.
చెయ్యి కలిపే లోపల
తల నుంచి కాలి దాకా ఒకసారి చూడ్డం
ఎవరూ అప్పగించని పని.

నేనూ ఒకప్పుడు ఇట్లాంటి చూపు కింద నడిచినదాన్నే.
పాత సంఘంలో పాస్టరమ్మ
నా జడలో కనకాంబరాలు తీయించి
కిటికీలో పెట్టించింది.
ఆరాధన అయి బయటికొచ్చేసరికి మేక తినేసింది.
ఇక్కడ పూలు తీయమని ఎవరూ అనలేదు.
అందుకే వచ్చినాను.
వచ్చి, ఎమ్మిగనూరు నేతచీరకి
ఎంత గంజి పెడితే నడకలో పెళపెళమంటుందో నేర్చుకున్నాను.

పత్తి సీజన్లో ఒక ఆదివారం
ఉలిగమ్మ వచ్చింది,
జిన్నింగు మిల్లులో రాత్రి షిఫ్టు దిగి అట్నుంచి అటే.
చీర మీద మగోళ్ళ చొక్కా, నీలిగళ్ళది,
పై బొత్తాం లేక పిన్నీసు.
జుట్టు నిండా, కనురెప్పల మీద కూడా దూది.
ఎవరో ముసలామె అనుకున్నాను.
ముప్పై రెండేళ్ళుంటాయేమో.

"ఆ చొక్కా తీసేసి రామ్మా, దేవుని సన్నిధి" అన్నాను.
మెల్లగానే అన్నాను. నవ్వుతానే అన్నాను.
గొంతు ఎత్తలేదని
ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటానే ఉన్నాను.
ఆమె చొక్కా అంచు పట్టుకుంది.
"లోపల రవిక సంక కింద సినిగిందక్కా" అనింది.
"ఈడ కూసుంటాలే, పాట ఇనపడతాది."
పై నుంచి మూడో మెట్టు మీద కూర్చుంది,
నా చెప్పుల పక్కన.

లోపల ఆమె కొడుకు ఈరేషు.
పన్నెండు నిండి రొట్టె పంచే వయసొచ్చింది.
వాడి తెల్లచొక్కా శనివారం బడి యూనిఫాం.
బడి గుర్తు విప్పేస్తే జేబు మీద
కుట్ల చిల్లులు గుండ్రంగా మిగిలినాయి,
అడుగున ఇంకు మరక.
మా ఆయన చూసి "తెల్లగానే ఉందిలే" అన్నాడు.
తన టై తీసి కట్టినాడు.
అది వాడి నడుం దాటి వేలాడింది.

ప్రార్థన చెప్పినారు. అందరూ తలలు వంచినారు.
నేను వంచలేదు. చూసే అలవాటు కదా.
రొట్టె పళ్ళెం చేయి మారి చేయి మారి
చివరి వరస దాటింది.
వాడు వెనక్కి తిరగాలి.
తిరగలేదు.
తలుపు వైపు నడిచినాడు,
నా గంజిచీర తగిలేంత దగ్గరగా, నన్ను చూడకుండా.
మూడు మెట్లు దిగి పళ్ళెం చాపినాడు.
ఆమె చెయ్యి చొక్కాకి తుడుచుకుని,
అది చాలదని చీరకి తుడుచుకుని,
రెండు వేళ్ళతో, పత్తిలో పుల్ల ఏరినట్టు
ఒక ముక్క తీసుకుంది.

తర్వాత నీళ్ళు.
గుక్కెడు కూడా పట్టని కప్పు. వాడు మళ్ళీ దిగినాడు.
ఆమె తాగి ఇచ్చిన కప్పు అంచున
దూదిపోగు ఒకటి.

వాడి భుజం మీద కూడా ఉండే ఉంటుంది,
ఆమె చెయ్యేసి నిమిరింది కదా.
వెతికినాను.
తెలుపు మీద తెలుపు కనపడలేదు.
కనపడింది నా చీర మీద,
మెరూన్ అంచు మీద.
ఎప్పుడు ఎగిరొచ్చిందో.
కింద షాపులో ఎవరో షట్టరెత్తినారు,
ఆ రొదలో పాట మొదలైంది.

మళ్ళీ ఆదివారం ఈరేషు ఒక్కడే వచ్చినాడు.
అమ్మకి షిఫ్టు మారిందన్నాడు.
ఏ షిఫ్టని నేను అడగలేదు.
నా పెట్టెలో కొత్త రవిక ఒకటి ఉంది,
ఆమెకి సరిపోతుంది.
మడిచి సంచిలో పెట్టుకుని
మిల్లు సందు దాకా పోయి, తిరిగొచ్చినాను.
చినిగింది రవికేనని తేల్చుకోవడం
నాకు మరీ సుళువు.

ఇప్పుడు ఎవరన్నా మెట్లెక్కి వస్తుంటే
ముందు మొహం చూద్దామని అనుకుంటాను.
కళ్ళు కుచ్చిళ్ళ దగ్గరికే పోతాయి.