పై గది అద్దెకు

మా తాత బొగ్గు మోశాడు.
ఓడలు ఆవిరితో నడిచిన రోజుల్లో
ఈ రేవులో ఆగి, బొగ్గు తిని, నీళ్ళు తాగి
మోసినవాడి పేరైనా అడక్కుండా పోయేవట.
బస్తా ఒరుసుకున్న చోట తాత వీపు మీద మచ్చ
ఆయనతో పాటే మట్టిలోకి వెళ్ళింది.
తర్వాత నూనె ఓడలొచ్చాయి. అవి ఆగలేదు.
అప్పటి నుంచీ మిందేలోలో
ఎదురుచూడటం కూడా ఒక వృత్తే.

నేను జుల్మీరాని, ఇస్త్రీ పనిదాన్ని.
పై గది అద్దెకిస్తాను.

పోయినేడు ప్రభుత్వం మనిషొకడు టై కట్టుకొచ్చి
బడి హాల్లో తెర మీద మాకు బొమ్మలు చూపించాడు.
"మనకు వాన లేదు, గని లేదు, అడవి లేదు.
హోటళ్ళ మీద బతుకుతున్నాం.
ప్రపంచానికి ఒక్క జ్వరం వస్తే రెండేళ్ళు మంచం పట్టాం.
ఒంటికాలి మీద ఎన్నాళ్ళు నిలబడతాం?
ఆరు నెలల వీసా ఇద్దాం. పన్ను అడగొద్దు.
పని వాళ్ళే తెచ్చుకుంటారు,
జీతం వాళ్ళ దేశం నుంచే వస్తుంది.
మనం ఇవ్వాల్సిందల్లా ఒక బల్ల, ఒక కుర్చీ, తెగని నెట్టు."
వెనక బెంచీ నుంచి ముసలి బిబియానా అడిగింది:
"నీళ్ళో, నాయనా?"
అతను తర్వాతి బొమ్మకి వెళ్ళిపోయాడు.

మొదట వచ్చినవాడు కారెల్. ఎస్తోనియా నుంచి.
గుమ్మంలోనే "ఎంత?" అన్నాడు.
అద్దె చెప్పాను.
అతనడిగింది వైఫై వేగం.

ల్యాప్‌టాప్‌ను చంటిబిడ్డలా ఎత్తుకుని
ఇల్లంతా తిరిగాడు సిగ్నలు కోసం.
చివరికి డాబా మీద, నా బట్టల తీగల మధ్య,
గాలి బాగా తగిలే చోటే దొరికింది.
అక్కడే కుర్చీ వేశాడు.
అతని ఆఫీసులో అందరికీ నా దుప్పట్లు తెలుసు.
నా పేరు అతను మూడో నెలలో అడిగాడు.

అబద్ధమెందుకు? డబ్బొచ్చింది.
కప్పు కారడం ఆగింది. రెండు పళ్ళు కట్టించుకున్నాను.
నీళ్ళ ట్యాంకరువాడికి బాకీ లేదు.
కానీ పిల్లాడు రోజుకు రెండుసార్లు స్నానం చేస్తాడు.
కింద గదిలో కూర్చుని
పైపులో పోతున్న బకెట్లు లెక్కపెట్టేదాన్ని.
సముద్రాన్ని మంచినీళ్ళు చేసే మిషను
ఎంత కరెంటు తాగుతుందో అతనికెవరు చెప్తారు?

అదెరితో వలలు బాగుచేసుకునే షెడ్డుకి
అద్దె మూడింతలైంది.
అద్దాలు పెట్టారు, చల్లటి గాలి పెట్టారు,
గోడ మీద నీలంగా ఒక చేప బొమ్మ వేశారు.
లోపల ఇరవైమంది, చెవులకు మూతలతో.
అదెరితో మాత్రం రోజూ వచ్చి
ఆ మెట్ల మీదే కూర్చుంటాడు.
ముప్ఫైయేళ్ళుగా వెలుతురు అక్కడే బాగుంటుందట.
లోపల అంతర్జాలం, బయట జాలరి,
మధ్యలో ఒక అద్దం తలుపు.

ఒక మధ్యాహ్నం
ఎడారి దుమ్ము దీవిని కమ్మేసిన వేళ
నెట్టు పోయింది. ఊరంతా.
ఇరవైమందీ బయటికొచ్చారు
మ్యాట్నీ మధ్యలో కరెంటు పోయినవాళ్ళలా.
ఏం చెయ్యాలో తెలీని చేతులు జేబుల్లో పెట్టుకుని
మొదటిసారి అదెరితో వైపు చూశారు.
కారెల్ పక్కన కూర్చున్నాడు.
అదెరితో చెక్కసూది ఇచ్చాడు.
వేసిన ముడి తప్పు.
మాట్లాడకుండా విప్పి, మళ్ళీ చేతికిచ్చాడు.
మళ్ళీ తప్పు. మళ్ళీ విప్పాడు.
నాలుగోది కుదురుతోంది, నేను చూశాను,
ఇంతలో జేబుల్లో ఫోన్లు గురగురమన్నాయి.
రెప్పపాటులో మెట్లు ఖాళీ.
సూది వల మధ్యలో వేలాడుతోంది.

అదెరితో నవ్వాడో, దగ్గాడో.
"మా నాన్న చెప్పేవాడు,
ఆ కాలంలోనూ సముద్రం కింద తీగ
ఈ ఒడ్డునే ఎక్కేదట.
ఖండాల కబుర్లన్నీ మన గుమ్మం ముందు నుంచే పోయేవి.
మన కబురు మాత్రం ఎవరూ పంపలేదు."

జూన్‌లో కారెల్ వెళ్ళిపోయాడు.
తలగడ కింద ఒక దారం ముక్క దొరికింది.
దానికి వరసగా ఏడు ముడులు.
ఆరు తప్పు.

నిన్న రాత్రి కొత్త మనిషి దగ్గర్నుంచి మెసేజి:
"వేగం ఎంత?"
అంకె వేశాను. కింద ఇంకా రాశాను.
నీళ్ళు రోజుకు రెండు బకెట్లు.
దుప్పట్లు ఆరేసే వేళ కుర్చీ జరపాలి.
షెడ్డు మెట్ల మీద ఒకతను కూర్చుంటాడు, పేరు అదెరితో.
పక్కకు జరగమని అనొద్దు.