పదో దస్కతు

నా కాడ ఒక కొలతల బుక్కున్నది.
పన్నెండేండ్ల సంది రాస్తున్న.
ఎవరి భుజమెంత, ఎవరి చెయ్యి పొడుగెంత,
పోయిన పీర్ల పండుగ నుంచి ఎవరు రెండించులు ఎండిండ్రు,
ఇంట్ల చెప్పకముందే ఎవరి నడుము పెరిగింది,
అన్నీ నాకెరుకే.
వాళ్ల దస్కతులే ఎరుక లేదు.

నారాయణపేట ఆఫీసుల ఫారమిచ్చిన సారు
తలెత్తకుండనే చెప్పిండు:
పెద్ద పార్టీ అయితే ఒక్కరు చాలు,
ఏ పార్టీ లేకుంటే పదిమంది గావాలె.
ఓటరు లిస్టుల భాగం నంబరు, వరుస నంబరు,
పేరు, దస్కతు, తారీఖు.
ఏలిముద్రయితే మనిషే నా ముందటికి రావాలె.

పదిమందే గద అనుకున్న.
పదిమందికి జాకెట్లు కుట్టుడు
నాకు రెండు రోజుల పని.

మొదలు సవారమ్మ పెట్టింది,
కందులు చెరిగే చేట బోర్లేసి, దాని మీద.
ఇప్పటికీ ఆ కాయితం మూలకు పప్పు దుమ్మున్నది.
ఉసేనమ్మ నాలుక బయటపెట్టి రాసింది,
'ఉ' కాడనే చెమట పట్టింది ఆమెకు.
గోపీబాయి "మా ఆయన్ని అడిగొస్త" అని తండాకు పోయి
అడగకుండనే తిరిగొచ్చి పెట్టింది.
చెన్నబసప్ప మాస్టారు రెండుసార్లు చదివి,
నా పేరుల తప్పు పోయిన ఒత్తు దిద్ది,
పెన్నుకు మూతబెట్టి నా చేతికే ఇచ్చిండు.
"పానం బాగుంట లేదమ్మా" అన్నడు.
దస్కతుకు పానమెందుకని నేనడగలే.
ఆయన కొడుకు రోడ్ల కాంట్రాక్టు సంగతి
ఊరికంతా తెలుసు.

"నువ్వెందుకు నిలబడుతున్నవే?"
అందరిదీ అదే మాట.
పన్నెండేండ్లు మిషన్ ముందర కూసోని
నడుము పట్టుకపోయింది,
ఒక్కపారి నిలబడి చూస్త అన్న.
నవ్విండ్రు.
నవ్వినోళ్లల్ల ఇద్దరు పెట్టిండ్రు.

మా వదినె, కిరాణం సాయిబన్న, జైబున్నీసా.
ఎనిమిది కాడ ఆగింది.

లిస్టు నిండ పేర్లే, తలుపుల నిండ తాళాలే.
వరుస నంబరు నాలుగు వందలు దాటినంక
మనుషులంతా పూనెల, భీవండిల,
పేరు పలకరాని ఊర్లల్ల పునాది గుంతలల్ల.
వాళ్ల కొలతలు నా బుక్కులున్నయి.
ఆ కొలతల మనుషులు ఇప్పుడు అంతే ఉన్నరో లేరో.

రేపు మూడు గంటలకు ఆఖరు.
రాత్రి బొంబాయి బస్సు కాడికి ఉరికిన.
బాలకిష్టమ్మ కిటికీ పక్కన కూసున్నది,
ఒళ్లె సద్దిమూట, కాళ్ల కింద తట్టలు.
జొన్నరొట్టెల గిన్నె మీద కాయితం పెట్టుకోని
పేరు రాస్తనే ఉన్నది,
డ్రైవర్ బండి కదిలించిండు.
'మ్మ' కాడ పెన్ను జారి
గీత కాయితం అంచుదాక పోయింది.
కాయితం నా మీదికి ఇసిరేసి
పెన్ను మాత్రం తీసుకపోయింది.

పదో మనిషి మొగులమ్మ.
ఆటోల ముందు సీటుకు ఎక్కించి
పేటకు పట్టుకపోయిన.
సారు ఆమె బొటనేలు సిరాల ఒత్తిచ్చి
కాయితం మీద పెట్టిచ్చిండు,
కండ్లద్దాలు పైకి జరుపుకోని చూసిండు.
"గీతలేవి?"
"అరిగినయి సారూ. రేషన్ మిషన్ గూడ నన్ను గుర్తుపట్టది."
"మరెట్లా?"
"మనిషిని ముందటనే ఉన్న గద.
గందుకే గద రమ్మన్నవు."

సారు కొంచెంసేపు ఫ్యాను దిక్కు చూసి
పక్కన సంతకం చేసిండు.
తొమ్మిదో వరుస కాడ మళ్ల ఆగిండు.
"ఈ పొడుగు గీతేంది?"
బస్సు సారూ, అన్న.

బయటికొచ్చినంక మొగులమ్మ అడిగింది,
"అయితే గెలిచినట్టేనా?"
కాదత్తా, నిలబడినట్టు.
"గంతేనా" అని
బొటనేలు కొంగుకు రుద్దుకుంట
ఆటో వచ్చేదాక నిలబడనీకె
నీడ యాడున్నదో చూసింది.