కూసిందాకా

వరదప్పుడు అటక మీద పొదిగిందండీ మా పర్ల పెట్ట.
కింద మోకాలి లోతు గోదారి,
పైన గంపలో పదమూడు గుడ్లు.
సగం దాని సొంతం.
మూడు, మా ఆడపడుచు ఆచంట నించి
తవుడు డబ్బాలో దాచి తెచ్చిన జాతి గుడ్లు.
మిగతావి పొదుపు సంఘంలో ఇచ్చిన వనరాజావి.
రెండు మురిగాయి.
నీళ్ళు తీసి, గోడ మీద బురద గీత ఎండేసరికి
పది దిగాయి నా కొంగులో.
పదకొండోది మర్నాటి దాకా
పెంకు లోపల్నించి టిక్కు టిక్కుమంటూనే ఉంది.

మూడో రోజు నించీ ఊరంతా ఒకటే అడుగుడు:
ఏది పుంజు, ఏది పెట్ట?

మా అత్త పల్లాలమ్మ గుడ్డప్పుడే తేల్చేసేది.
కొస తేలితే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట.
ఏరి ఏరి గుండ్రటివే పెట్టేది పొదుక్కి.
అయినా తెల్లారేసరికి
చూరు కింద నాలుగు గొంతులు లేచేవి.

పశువుల ఆస్పత్రి కుర్రాడు
వేలెడంత పిల్లని వెల్లకిలా పట్టి రెక్క విప్పాడు.
ఈకలు పొడుగూ పొట్టీ రెండు వరసలైతే పెట్ట,
అన్నీ ఒక్క తీరైతే పుంజు.
"కానండీ, ఇది కొన్ని ఫారం రకాలకే.
నాటు పిల్లలకి నేను పూచీ పడను"
అని తనే మెల్లిగా రెక్క మూసేశాడు.
ఆ మూయడం నాకు నచ్చింది.

నేను చూసేది వేరు.
గెద్ద నీడ దొడ్లో పాకినప్పుడు చూస్తాను.
తల్లి కుర్రుమనగానే రెక్కల కిందికి దూరేవి పెట్టలు.
ఒక్క రెప్పపాటు ఆగి, మెడ నిక్కించి
ఆకాశం కేసి చూసేది పుంజు.
గెద్దక్కూడా అదే గుర్తు.
అందుకే మా దొడ్లో ఎప్పుడూ పెట్టలెక్కువ.

రంగు మాట అడక్కండి.
పసుపు ముద్దలా ఉంటే సేతువ అవుద్దని మురిశాం,
నెల తిరక్కుండానే ఎర్రబడింది.
నల్లది కాకి అనుకుంటే
మెడ చుట్టూ బంగారం మొలిచింది.
నూగు చెప్పే మాట నూగుతోనే రాలిపోద్ది.
కాళ్ళు నమ్మొచ్చు కొంచెం, లావు కాళ్ళు.
తోక నమ్మొచ్చు. పెట్టకి ముందే కుదురుతుంది,
పుంజు మొండి పిర్రతో చాన్నాళ్ళు తిరుగుద్ది
సిగ్గు లేకుండా.

మూడో నెల్లో వచ్చారు అబ్బులు గారు,
ఉండి వైపు నించి, బండి వెనక గంప కట్టుకుని.
రొమ్ము ఎముక నొక్కారు. కంటి రెప్ప లాగి చూశారు.
"ఇది డేగ. ఇది కాకి డేగ. ఇద్దో బయానా.
మరి ఆ మైలది?"

ఇక్కడో సంగతి చెప్పాలి.
పోయినేడు ఈయనే పుంజని పట్టుకెళ్ళిన కౌజు
బాదం పప్పులు తిని, చెరువులో ఈత నేర్చి,
ఏడో నెల్లో గంపలో గుడ్డు పెట్టింది.
పెట్టేనండీ అని నేనారోజే అన్నాను.
అప్పట్నించీ ఈ విషయంలో నా మాటంటే ఆయనకి గురి.

మైలది ఆ పదకొండోదే.
ఆ వేళ చీకటుండగానే,
తుప్పు పట్టిన బందు మీద తలుపు తిరిగినట్టు
సగం కూత కూసి,
ఎవరు కూశారా అని తనే చుట్టూ చూసుకుంది.
నేను లేచి గంప మీద తడి గోనె కప్పి,
కాసేపు దాని మీదే చెయ్యేసి కూర్చున్నాను.

"పెట్టేనండీ," అన్నాను.

ఆయన నోట్లు లెక్కపెడుతున్నారు.
రెండింటి డబ్బూ తడిసిన బియ్యానికి సరిపోద్ది.
అదేమో ఆయన కాళ్ళ ముందే నిలబడి,
మెడ నిక్కించి,
ఆయన మొహంలోకి చూస్తోంది.

తల దించవే, అన్నాను,
గింజలు విసురుతూ,
తిట్టినట్టే.