తోయిగ్, తోయిగ్

జీపులో పదకొండు గంటలు.
దారంటూ లేదు, పాత టైర్ల గుర్తులే.
నా ఒళ్ళో బూసాన్ నుంచి మా సంఘం పంపిన పెట్టె:
నలభై శిష్యత్వ పాఠాల పుస్తకాలు,
క్యోంగ్‌సుక్‌కి ఎండబెట్టిన సముద్రపు నాచు.

ఆమె గుడారం బయటే నిలబడి ఉంది.
పదిహేడేళ్ళ గాలికి బుగ్గలు
ఇక్కడి ఆడవాళ్ళ బుగ్గల్లాగే పగిలి ఎర్రబడ్డాయి.
నిరుడు చలికాలంలో భర్త పోయినప్పుడు
ఒక్క వాక్యం రాసింది.
మేమూ ఒక్క వాక్యమే జవాబిచ్చాం.

ఉప్పేసిన పాల టీ చల్లారకముందే
అడగాల్సింది అడిగేశాను: "ఎంతమంది?"
నివేదికలో ఆ గడి ఖాళీగా ఉంది మరి.
"పోయిన వేసవిలో, నదిలో, ముప్పై ఒక్కరు."
రాసుకున్నాను.

"ఇప్పుడెంతమంది అని అడగవా?"
గంజోరిగ్ బొగ్గు గనికి పోయాడు.
ఆ అక్కచెల్లెళ్ళు మందతో ఏ లోయలో దిగారో.
ముసలి చోయ్‌జమ్స్ మొన్న సిగ్నల్ కోసం గుట్టెక్కి
"కోపమొచ్చినప్పుడు ప్రార్థన ఎలా చెయ్యాలి?" అన్నాడట.
ఈమె నోరు తెరిచేలోగా లైను తెగింది.
మళ్ళీ గుట్టెక్కాడో లేదో.

ఆ రాత్రి పక్క గుడారంలో
ఓ గొర్రె తన పిల్లని తన్నేస్తోంది.
దులంసురేన్ పిల్ల ఒంటికి తల్లిపాలు పూసి
పొదుగు దగ్గరకి నెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని
పాట ఎత్తుకుంది: తోయిగ్, తోయిగ్, తోయిగ్.
మాటల్లేవు ఆ పాటలో. బతిమాలడమే.
గొర్రె తన్నింది. ఆమె పాడింది.
నేను నిద్రపోయాను.
లేచి చూస్తే పొయ్యి ఆరిపోయింది, గొంతు బొంగురుపోయింది,
పాట మాత్రం ఆగలేదు.
తెల్లవారుజామున పిల్ల తోక ఆడింది.
తాగుతోంది.

"ఏటా ఇలాంటివి ఎన్ని?"
క్యోంగ్‌సుక్ తర్జుమా చేసింది.
"ఏడో ఎనిమిదో," అంది దులంసురేన్ చేతులు తుడుచుకుంటూ.
"ఈనడానికి నేనెందుకు, వాటంతటవే ఈనుతాయి.
కూర్చునేవాళ్ళే చాలరు. మా చెల్లెలు ఉన్నప్పుడు
ఇద్దరం పాడేవాళ్ళం."

నాలుగో రోజు తిరుగు ప్రయాణం.
పుస్తకాల పెట్టె పొయ్యికి దూరంగా సర్దాం,
తాడు కూడా విప్పలేదు.
నివేదికలో 'అవసరాలు' అన్నచోట
ఆమె చెప్పినవి రాశాను: సోలార్ పలక, చలికాలపు టైర్లు.
ఇంకా అర పేజీ మిగిలింది.

జీపు ఎగిరినప్పుడల్లా కలం ఓ గీత గీసింది.
బూసాన్‌లో ఇరవై ఆరేళ్ళు బైబిలు తరగతి నడిపాను.
పోయిన మార్చిలో పదవీ విరమణ.
పిల్లలు స్థిరపడ్డారు.
మోకాళ్ళు, డాక్టరు మాట,
ఇంకా గట్టిగానే ఉన్నాయి.