లోతుల వరుస

సీసాల్లో స్పిరిట్ ఏడేళ్ళకోసారి మార్చాలి.
నా ఉద్యోగం అదే.
బెర్గెన్ మ్యూజియం నేలమాళిగలో
నాలుగువేల మూడొందల సీసాలు,
ఒక స్టూలు, ఒక గరాటు,
ఎంత కడిగినా చేతుల్ని వదలని వాసన.
సాయంత్రం బస్సెక్కితే
కండక్టరు నేను తాగొచ్చాననుకుంటాడు.

ఆ రోజు ఒక సముద్రపు దోసకాయ,
డెబ్భై ఏళ్ళు నాని రంగు దిగిపోయి
పాత మేజోడులా ముడుచుకున్నది.
పట్టకారుతో పైకి తీస్తుంటే
దానితో ఉన్న చీటీ వెల్లకిలా పడింది.

ముందువైపు నేనెరిగిన దస్తూరీయే.
సున్నివా దాలె.
తేదీ, తీరం, లోతు ఇన్ని బారలు, అడుగున బురద.
పడవవాళ్ళు ఆడమనిషిని ఎక్కించుకోమంటే
తనే తెడ్డు కొనుక్కుని
ఈ సముద్రం అడుగుని జల్లెడ పట్టిన మనిషి.
ప్రొఫెసరుగారి పుస్తకంలో ఆవిడ పేరు కోసం వెతికితే
ఆఖరి పుటలో, చీమ తలకాయంత అక్షరాల్లో
"ఒక మహిళ సాయంతో" అని దొరుకుతుంది.

చీటీ వెనకవైపు దస్తూరీ వేరు.
కుడికి ఒరిగి, ఉరుకులు పరుగులుగా,
పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు.
"ఇక్కణ్ణుంచి వెలుతురు పేరు మర్చిపోవాలి."

ఇంకో సీసా తీశాను. ఇంకోటి.
ఆ వారం అన్నం సరిగా తినలేదు.

యోరున్ ఐకెలాండ్.
తమ్ముడి పేరుతో పత్రికలకి కథలు రాసేది.
మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు తమ్ముడే విప్పేవాడు.
ఇద్దరిదీ ఒకే అటక గది, ఒకే బల్ల:
పగలు దాని మీద ఒకతె నత్తల్ని కోసేది,
రాత్రి రెండోది వాక్యాల్ని.
దీపం నూనె ఖర్చు చెరిసగం.
కాగితం కొనడానికి డబ్బుల్లేవు గానీ
మ్యూజియం చీటీలు ఊరికే వచ్చేవి,
నూలుగుడ్డతో చేసిన గట్టి చీటీలు.
"సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది,
పెన్సిల్‌తో రాయి" అని
సున్నివాయే చెప్పి ఉంటుంది.

బొటనవేలంత జాగా.
పేజీలకి పేజీలు పారే యోరున్
అక్కడ ఒక్క వాక్యంతో ఆగడం నేర్చుకుంది.
"బూడిదరంగు" అని రాసి ఊరుకునే సున్నివా
ఆ చలికాలం నుంచి
"తడిసిన పలకరాయి రంగు" అని రాసింది.
ఆ తడి ఎవరిదో నాకు తెలుసు.

యోరున్ నవల పెట్టెడు కాగితాలు.
అవి మరదలి పొయ్యిలో రాజుకోడానికి పనికొచ్చాయి.
మిగిలినవి అరవయ్యొక్క చీటీలు.

తేదీల వరుసలో పెట్టి చూశాను, అతకలేదు.
జాతుల వరుసలో అసలే లేదు.
ఒక రాత్రి, విసుగొచ్చి, లోతుల వరుసలో పెట్టాను.

నాలుగు బారలు:
"ఇక్కడ ఇంకా మన కాళ్ళు మనకి కనిపిస్తాయి."
ఇరవై:
"ముందు పోయేది ఎరుపు. నీ శాలువా నల్లబడింది."
అరవై, మీకు చెప్పాను.
నూటపది:
"ఇక్కడ ఎవరి దీపం వాళ్ళ ఒంట్లోనే."
నూటఎనభై సీసా
యుద్ధంలో కిటికీలు పగిలిన రోజు పోయింది.
అక్కడ పద్యంలో ఒక చీకటి.
దాని కింద ఏముందో
ఆ వాక్యం తాగిన నేలకే తెలియాలి.

ఇంకో మాట ఉంది. పైవాళ్ళకి చెప్పలేదు.
శాలువా వాక్యం ఉన్న సముద్రపు ముళ్ళకాయ
చీటీ మీద ఇరవై బారలు.
సున్నివా పడవ డైరీలో పన్నెండు.
పన్నెండు బారల్లో ఎరుపు
ఇంకా కాస్త ఎర్రగానే ఉంటుంది.

అర బార తేడా వస్తే
పేజీ చింపి మొత్తం తిరగరాసే మనిషి
స్నేహితురాలికి ఎనిమిది బారలు అప్పిచ్చింది.

కొత్త స్పిరిట్ పోసి మూత బిగించాను.
కేటలాగులో పన్నెండు అని దిద్దాను,
దిద్దకపోతే సున్నివా ఊరుకోదు.
సీసాని మాత్రం ఇరవైల అరలోనే ఉంచాను.
అక్కణ్ణుంచి కదిపితే
యోరున్ ఊరుకోదు.