బాడుగకు

పగలంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళకి పళ్ళు చేస్తాను.
మత్తికెరెలో, మెట్ల కింద ల్యాబు.
మైనం, ప్లాస్టర్, గులాబీ రంగు చిగుళ్ళ పొడి.
పై వరస, కింది వరస, ఒక్కోసారి ఒకే ఒక్క కోరపన్ను.
ఎవరిదో తెలియదు. చీటీ మీద నంబరుంటుంది.

సాయంత్రం అవే వేళ్ళతో
బాల్కనీలో అంచు పగిలిన కుండీ ముందు కూర్చుంటాను.

ఫెయిరీ గార్డెన్ అట.
పై వాటా చార్వి చెప్పింది. ఓనరమ్మ మనవరాలు, ఎనిమిదేళ్ళు.
క్లాసులో ఎవరో ప్లాస్టిక్‌ది తెచ్చి చూపించారట.
"మనం కొనొద్దు ఆంటీ.
పళ్ళు చేస్తావు కదా, కుర్చీ చేయలేవా?"

చేయలేనా!
ఐస్‌క్రీం పుల్లని నిలువునా చీల్చితే నాలుగు కాళ్ళు.
మొదటిది కుంటిదయింది.
రెండోదాని మీదికి చీమ ఎక్కింది, ఓ పక్కకి ఒరిగింది.
కొరుకు సరిచూసినట్టే
ఎత్తు పడిన కాలి మీద ఆకురాయితో ఒక్క గీత.
నిలబడింది.

తర్వాత ఆగలేదు నా చేయి.
పిస్తా తొక్క స్నానాల తొట్టి.
అరగదీసిన చింతగింజలు రెండు, పీటలు.
పళ్ళసెట్టుకి కొక్కెం వంచే తీగతో సైకిలు,
దానికి ఆవగింజ బెల్లు.
ఇంటి పైకప్పుకి పెంకులు మాత్రం చిగుళ్ళ పొడితోనే పోశాను.
ఎర్రగా కాదు, గులాబీగా వచ్చాయి.
దూరం నుంచి చూస్తే
ఇల్లు నోరు తెరిచి నవ్వుతున్నట్టుంది,
ఇంకా పళ్ళు రాని నవ్వు.

చార్వి బోర్లా పడుకుని అంతా తనిఖీ చేసింది.
"మరి నీళ్ళు?"

అడగాల్సిన మాటే.
ఆ వేసవి మా బోరు ఎండి రెండు నెలలు.
మందు గొట్టాన్ని విప్పి, పొడి ఊదేసి,
చొక్కా గుండీలు చక్రాలుగా అతికించి
ట్యాంకరు చేశాను. వెనక వైరు తొక్క పైపు.
జిగురు ఆరుతుండగానే కింద అసలు ట్యాంకరు హారన్ కొట్టింది.
ఇద్దరం బిందెలతో పరిగెత్తాం.

చివర్న, గోరంత అట్టముక్క.
టు-లెట్ బోర్డు ఉండాలంది చార్వి, లేకపోతే ఎవరు వస్తారు?
"వెజిటేరియన్స్ ఓన్లీ అని రాయి,
మా అవ్వ రాయించినట్టు."

బ్రష్షు కొసన నల్లరంగు చుక్క.
రాలలేదు. నేనూ కదల్లేదు.

ఈ ఊళ్ళో ఇది ఏడో ఇల్లు.
ఊరేది అని మొదలుపెట్టి
ఇంటిపేరు దాకా, వంటింటి దాకా
చల్లగా నడిచొచ్చే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు.
ఆరు గుమ్మాల్లో నిజం చెప్పాను.
ఇక్కడ చెప్పలేదు.
ఆదివారం మెస్సులో పార్సిలు కట్టించుకుని
ల్యాబు షట్టరు సగం దించి తింటాను,
బల్ల మీద ఎవరెవరివో ప్లాస్టర్ దవడలు
తలుపులు తీసినట్టు తెరుచుకుని చూస్తుంటే.

"బోర్డు చిన్నది చార్వీ.
ఒక్క మాటే పడుతుంది," అన్నాను.
వెంట్రుకంత గీతలతో రాశాను:
బాడుగకు.

రాత్రి వాన పడింది, ఏడాదికి సరిపడా ఒకేసారి.
పొద్దున చూస్తే ట్యాంకరు లేదు.
కరిగిపోయింది. నాలుగు గుండీలు, ఓ వైరు ముక్క మిగిలాయి.
నీళ్ళబండిని నీళ్ళే మింగాయి.
సైకిలు బురదలో పడుకుంది.

గుమ్మం దగ్గర మాత్రం ఎవరో వచ్చారు.
నత్త.
సొంతిల్లు వీపున మోసుకొచ్చి
బోర్డు ముందు కొమ్ములు చాచి ఆలోచిస్తోంది.

చార్వి ఊపిరి బిగబట్టి వంగింది.
చాలాసేపు చూసింది.
పుదీనా ఆకుకి చిన్న బెజ్జం పడ్డాక
తృప్తిగా లేచి, "వెజ్జే ఆంటీ," అంది,
అవ్వకి చెప్పడానికి మెట్లెక్కింది.

నేను సైకిలు తుడిచి గోడకి ఆనించాను.
చేతులు కడుక్కున్నాను.
ఆదివారం.
ల్యాబు తాళంచెవి తీసుకుని కిందికి దిగాను.